మోటారు, గేజి రాయి, గిద్దెడు బియ్యం

(గ్రంథాలయ వారోత్సవాల్లో కోనసీమలోని ఒక ఊళ్ళో చేసిన ప్రసంగం. రికార్డింగు విని, చెప్పిందే మళ్ళీ చెప్పినచోట్ల తగ్గించి రాసుకున్నది.)

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి. బాబాయిగారూ, మీరు ఈ ఫ్యాను కిందకి వచ్చేయండి.

ఇప్పుడు నేను కాసేపు నోరు మూసుకుంటాను, మీరు స్పీకరు వినండి.

విన్నారా? గుయ్యిమంటోంది కదా. మైకు వైరు పక్కనే కరెంటు వైరు లాగాడు మన తమ్ముడు. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు కొంచెం మైకు వైరులోకి దూరింది. నా గొంతూ ఆ గుయ్యీ ఇప్పుడు ఒకే వైరులో కలిసి వస్తున్నాయి, ఇక విడదీయమంటే పాలల్లో పోసిన నీళ్ళు తీయమన్నట్టే. వద్దు తమ్ముడూ, సరిచేయకు, ఉండనీ. దాంతో పని ఉంది నాకు.

నేను పదహారేళ్ళు మోటార్లు చుట్టాను. రీవైండింగ్ షాపు. కాలిన కాయిల్ పీకడం, స్లాట్లు శుభ్రం చేసి కాగితం పెట్టి కొత్త తీగ చుట్టడం, వార్నిష్ పోసి ఎండబెట్టడం. ఆ తర్వాతే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను, అందుకని నా చెప్పే పద్ధతి కొంచెం షాపులో మాట్లాడినట్టు ఉంటుంది, పంతుళ్ళెవరైనా ఉంటే సర్దుకోండి.

మోటారు ఎందుకు తిరుగుతుంది? మొదటి సంగతి 1820లో బయటపడింది. డెన్మార్క్‌లో ఆర్‌స్టెడ్ అనే ఆయన, తీగలో కరెంటు పంపితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. అంటే కరెంటు పారే తీగ అయస్కాంతంలా ప్రవర్తిస్తోంది. మరుసటి ఏడాదే, 1821లో, లండన్‌లో ఫారడే పాదరసం పోసిన గిన్నెలో అయస్కాంతాన్ని నిలబెట్టి, దాని చుట్టూ తీగ గిరగిరా తిరిగేలా చేశాడు. దాంతో ఒక బకెట్టు నీళ్ళు కూడా తోడలేం, అయినా మోటారు పుట్టింది అక్కడే. మీ ఇంట్లో మిక్సీ తిరిగేది ఈ వంశంలోనే. లోపల కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అవి తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. పచ్చడి రుబ్బేటప్పుడు లోపల నిప్పురవ్వలు, ఒక రకం కాలిన వాసన వస్తాయే, అవి ఆ బ్రష్‌ల పనే.

మన రొయ్యల చెరువు మీద ఏరేటర్ ఉంటుందే, రెక్కలతో నీళ్ళు చిలికి గాలి కలిపేది, దాని మోటారు అలా కాదు. విప్పి చూసినవాళ్ళకి తెలుసు, లోపల తిరిగే భాగానికి, రోటర్‌కి, ఒక్క వైరు కూడా తగిలించి ఉండదు. అల్యూమినియం కడ్డీలు, రెండు చివరలా రెండు ఉంగరాలు, అంతే. ఉడత బోనులా ఉంటుందని ఇంగ్లీషువాళ్ళు ఆ పేరే పెట్టారు. మరి వైరు లేకుండా దానికి కరెంటు ఎక్కడిది?

ఒక దూడని ఊహించుకోండి. చుట్టూ ముగ్గురు పిల్లలు, ముగ్గురి చేతుల్లోనూ పచ్చగడ్డి. ఒకడు చూపించి దించేస్తాడు, వెంటనే పక్కవాడు చూపిస్తాడు, వాడు దించగానే మూడోవాడు. దూడ ఏం చేస్తుంది? గుండ్రంగా తిరుగుతుంది. మూడు ఫేజులంటే ఆ ముగ్గురు పిల్లలు. మూడూ ఒకేసారి ఊగవు, ఒకదాని వెనక ఒకటి వంతులవారీగా ఊగుతాయి, దాంతో చుట్టూ ఉన్న కాయిల్స్‌లో అయస్కాంత బలం తిరుగుతున్నట్టు ఉంటుంది. పిల్లల్లో ఏ ఇద్దరినైనా చోటు మార్చండి, దూడ ఎదురు తిరుగుతుంది. మోటారు ఎదురు వైపు తిరిగితే మనం స్టార్టర్ దగ్గర రెండు ఫేజులు మార్చేది అందుకే, ఏ రెండైనా సరే.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది, నాకు చాలా ఇష్టమైనది. దూడ ఎప్పటికీ గడ్డిని అందుకోకూడదు. 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 ఊపుల కరెంటు మీద, నాలుగు పోల్స్, అంటే నాలుగు అయస్కాంత ధ్రువాలున్న మోటారులో గడ్డి నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. మోటారు మీద రేకు చూడండి, 1440 అనో ఆ చుట్టుపక్కలో ఉంటుంది. ఆ అరవై చుట్ల వెనకబాటే రోటర్‌కి కరెంటు. బయట తిరిగే అయస్కాంతానికీ రోటర్ కడ్డీలకీ తేడా ఉంటేనే కడ్డీల్లో కరెంటు పుడుతుంది. రెండూ సమానంగా తిరిగాయా, కరెంటు సున్నా, బలం సున్నా, మళ్ళీ వెనకబడాల్సిందే. గేర్‌బాక్సు ఆ 1440ని నిమిషానికి వంద చుట్ల దగ్గరికి దించి రెక్కలకిస్తుంది.

మరి ఇంట్లో సింగిల్ ఫేజు? అక్కడ పిల్లాడొక్కడే. ముందు ఒకసారి, వెనక ఒకసారి గడ్డి చూపిస్తాడు. దూడ అక్కడే నిలబడి తల ఊపుతుంది. మూలిగే సీలింగ్ ఫ్యానుని చీపురుతో తోస్తే ఎటు తోస్తే అటు తిరగడం చూశారా? కెపాసిటర్ పోయిందన్నమాట, మనవాళ్ళు కండెన్సరు అంటారు. కండెన్సరు ఇంకో కాయిల్‌లో కరెంటుని కొంచెం ముందుకు జరిపి, లేని రెండో పిల్లాడిని తయారుచేసి పెడుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. షాపు పెట్టిన కొత్తల్లో ఒకే రైతు మోటారు ఒకే సీజన్లో మూడుసార్లు కాలి వచ్చింది. మొదటిసారి తీగ నాసిరకం అనుకున్నాను. రెండోసారి నా చుట్టడంలోనే లోపం అనుకుని డబ్బులు తీసుకోలేదు. మూడోసారి విప్పేసరికి మా పెద్ద మేస్త్రి వచ్చి చూసి ఒకటే మాటన్నాడు: "కాయిల్స్ వంక చూడరా, రెండు ఫేజులు బొగ్గు, మూడోది నిన్న చుట్టినట్టుంది." అది స్టార్ కనెక్షను మోటారు, అంటే మూడు కాయిల్స్ చివరలూ ఒకచోట కలిపి కట్టినది. ఒక ఫేజు పోయి, మిగిలిన రెండింటి మీదే తిరిగిందన్నమాట. తిరుగుతూ ఉండగా ఒక పిల్లాడు వెళ్ళిపోయినా దూడ ఆగదండి, అలవాటు మీద తిరుగుతూనే ఉంటుంది. కాకపోతే ఆ రెండు కాయిల్స్ మామూలు కంటే దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగుతాయి, గంటలోపే వార్నిష్ మాడిపోతుంది. ఆగి ఉన్నదైతే అసలు లేవదు, గుయ్యిమని మూలుగుతుంది. ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసే ప్రివెంటరు అని ఉంటుంది, రైతు దాన్ని తీసేసి డైరెక్ట్ చేసేశాడు, అది మాటిమాటికీ ట్రిప్ అయి విసిగిస్తోందని. నేను మూడుసార్లు చుట్టాను గానీ ఒక్కసారి కూడా వెళ్ళి స్టార్టర్ డబ్బా తెరిచి చూడలేదు.

ఆ ప్రివెంటరు చేసే పని ఏమిటి? మూడు ఫేజుల ఓల్టేజీ చూస్తుంది. ఆ ఓల్టేజీ ఒకచోట నిలవదు, 415 దగ్గర ఉండాల్సింది 400, 380, 372న్నర, ఎంతైనా కావచ్చు. ప్రివెంటరు మాత్రం చివరికి రెండే మాటలు చెప్పగలదు. ఉంచు, లేదా తీసేయ్. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఇరుకులోనే ఉంది. ఎంతైనా కాగల దాన్ని అవును-కాదులోకి ఎలా కుదిస్తాం, కుదిస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది.

దీనికి ధవళేశ్వరం కంటే మంచి బడి లేదు. అక్కడ గేజి రాయి మీద చూసే గోదారి నీటిమట్టం అనలాగ్, అంటే ఎంతైనా కాగలది. 11 అడుగుల నుంచి 12కి దూకదు, మధ్యలో ప్రతి వెంట్రుకవాసీ దాటుకుంటూ వస్తుంది. కానీ మీకు టీవీలో చెప్పేది ఏమిటి? 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంటే నదిని నాలుగు మాటల్లోకి కుదించారు: ఏమీ లేదు, ఒకటి, రెండు, మూడు. అది డిజిటల్. 13.80కీ 17.70కీ మధ్య దాదాపు నాలుగు అడుగుల తేడా ఉంటుంది, లంకల్లో ఉండేవాడికి ఆ నాలుగు అడుగులంటే పశువుల పాక మునగడం. అయినా రెండూ "రెండో హెచ్చరికే". అది పోయిన సంగతి. మిగిలింది ఏమిటంటే, ఆ మాట ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఎన్ని నోళ్ళు మారినా మారదు. "పదకొండు పాయింటు ఏడు ఎనిమిది" అన్నది పది ఫోన్లు దాటేసరికి పన్నెండున్నర అవుతుంది. "రెండో హెచ్చరిక" మాత్రం రెండో హెచ్చరికగానే చేరుతుంది.

(సభలోంచి ఎవరో: "మరి మట్టం సరిగ్గా 11.75 దగ్గర ఊగుతుంటే మాస్టారూ?")

మంచి ప్రశ్న. ఒక్కటే గీత పెట్టుకుంటే ఆ గీత దగ్గర అలలకి కూడా ఉంది-లేదు, ఉంది-లేదు అని కొట్టుకుంటుంది. మీ డాబా మీద ట్యాంకుకి ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టించారనుకోండి. ఒకే మట్టం దగ్గర ఆన్, అదే మట్టం దగ్గర ఆఫ్ అయితే మోటారు నిమిషానికి పదిసార్లు లేచి పడుకుంటుంది, లేచిన ప్రతిసారీ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, కాలిపోతుంది. అందుకని రెండు గీతలు పెడతాం. కిందకి వచ్చాక ఆన్, పైకి చేరాక ఆఫ్. మధ్యలో ఉన్నంతసేపూ ఇంతకుముందు ఏం చేస్తుంటే అదే చేస్తుంది.

ఇంకో సంగతి, ఎన్నిసార్లు చూస్తున్నాం అన్నది. చెరువులో ఆక్సిజన్ ఉంది. పగలు ఎండకి పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే పాచి రొయ్యతో పోటీపడి తాగేస్తుంది, తెల్లారుజామున అన్నిటికంటే తక్కువ. రోజూ మధ్యాహ్నం రెండింటికి మాత్రమే మీటరు ముంచే రైతు పుస్తకంలో చెరువు బ్రహ్మాండంగా ఉంటుంది, రొయ్య మాత్రం తెల్లారుజామున నాలుగింటికి తేలుతుంది. సముద్రం దగ్గరివాళ్ళకి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. సరిగ్గా అంత వ్యవధికి ఒకసారి వెళ్ళి చూసేవాడికి పోటూ లేదు పాటూ లేదు, సముద్రం కదలనే కదలదు. అందుకే ఫోన్‌లో మన గొంతుని పాత డిజిటల్ ఎక్స్ఛేంజీలు కూడా సెకనుకి 8000 సార్లు కొలిచేవి.

ఇక ఆ గుయ్యి దగ్గరికి రండి. ఇంకా వస్తోంది, వినండి. నా గొంతుని ఇలాగే ఓల్టేజీ ఊపులా పంపితే దారిలో ఏది కలిసినా గొంతులో భాగమైపోతుంది. అదే గొంతుని కొలిచి, ఆ కొలతల్ని ఉంది-లేదు గుర్తులుగా పంపామనుకోండి. టీటీఎల్ అని పాత రకం డిజిటల్ చిప్పులున్నాయి, వాటికి రూలేమిటంటే 0.8 ఓల్టు కంటే తక్కువ వస్తే సున్నా, 2 ఓల్టుల కంటే ఎక్కువ వస్తే ఒకటి. మీరు పంపిన సున్నా దారిలో మురికి పట్టి 0.5 అయి చేరినా, అవతలవాడు దాన్ని సున్నా అనే చదివి, మళ్ళీ శుభ్రమైన సున్నాగా ముందుకి పంపుతాడు. ప్రతి మజిలీలోనూ స్నానం చేసి బయలుదేరినట్టు. మరీ ఎక్కువ మురికి పడితే అదీ తప్పు చదువుతుంది, అది వేరే సంగతి.

అలాగని అనలాగ్‌ని తీసిపారేయకండి. ఫ్యాక్టరీల్లో, పంపుహౌసుల్లో సెన్సార్లు ఇప్పటికీ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపుతాయి. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు? ఎలుక వైరు కొరికితే సున్నా వస్తుంది. చెరువులో ఆక్సిజన్ సున్నా అయితే 4 వస్తుంది. ఆ రెంటికీ తేడా తెలియాలి కదా! ఇది కనిపెట్టినవాడెవడో గానీ చేతికి మట్టి అంటినవాడే అయ్యుంటాడు.

సరే, కొలతని ఉంది-లేదుగా ఎలా రాస్తాం? ఇక్కడ పెద్దవాళ్ళు నాకు సాయం చేయాలి. గిద్దలు ఎన్నయితే సోల?

("నాలుగు!")

రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. గిద్దకీ సోలకీ మధ్య అరసోల. వరసగా పెట్టండి, గిద్దల్లో: గిద్ద 1, అరసోల 2, సోల 4, తవ్వ 8, మానిక 16, అడ్డ 32, కుంచం 64. ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. బైనరీ నేర్పడానికి నేను ఎన్ని పుస్తకాలు తిరగేశానో, మా అమ్మమ్మ బియ్యం కొలిచే సామాను అటక మీదే ఉంది!

ఇప్పుడు పందెం. ఏడు కొలతలూ ఒక్కొక్కటే ఉన్నాయి, ఒక్కోదాన్ని ఒకసారి వాడొచ్చు లేదా పక్కన పెట్టొచ్చు. పదకొండు గిద్దలు కావాలి. ఎలా? తవ్వ, అరసోల, గిద్ద. సోల వాడలేదు. పెద్దదాని నుంచి చెప్పండి: తవ్వ ఉంది, సోల లేదు, అరసోల ఉంది, గిద్ద ఉంది. 1011. అయిపోయింది, బైనరీలో పదకొండు అదే. ఏడు కొలతలతో 1 నుంచి 127 దాకా ఏ అంకె అడిగినా వస్తుంది, అదీ ఒక్కటే ఒక్క విధంగా వస్తుంది, ఇంటికెళ్ళి చేసి చూడండి.

ఇంకొకటి. మన కాటన్ బ్యారేజీకి నాలుగు పాయల మీదా కలిపి 175 గేట్లు. 127 దాటింది కాబట్టి రెండు కుంచాలు పట్టే కొలత ఇంకోటి కావాలి, 128. అది ఉంది, కుంచం లేదు, అడ్డ ఉంది, మానిక లేదు, తవ్వ, సోల, అరసోల, గిద్ద అన్నీ ఉన్నాయి. 10101111. ఎనిమిది గడులు. ఒక్కో గడిని బిట్ అంటారు, ఎనిమిది కలిస్తే బైట్.

చెరువులో ముంచిన సెన్సార్ కరెంటుని ఇలాగే కొలుస్తుంది చిన్న చిప్పు. చవక బోర్డుల్లో పది కొలతలుంటాయి, అంటే 0 నుంచి 1023 దాకా మెట్లు. లీటరుకి 20 మిల్లీగ్రాముల దాకా చూసే సెన్సార్ అయితే ఒక్కో మెట్టు 0.02 దగ్గర ఉంటుంది. లీటరుకి 4 కంటే తగ్గితేనే నిద్ర పట్టని రైతుకి అది చాలు, అంతకంటే సన్నంగా కొలిచి డబ్బు తగలేయక్కర్లేదు. ఫోన్‌లో మీరు తెలుగు అక్షరం కొట్టినా ఇదే వ్యవహారం. "అ"కి యూనికోడ్‌లో ఇచ్చిన సంఖ్య 3077, బైనరీలో 110000000101. ఫోనుకి మన అమ్మా ఆవూ అన్నీ ఇలాంటి వరసలే.

రెండే గుర్తులతో ఇంత పని చేయడం మనకి కొత్త అనుకోకండి. రాజమహేంద్రవరంలో నన్నయ కూర్చుని పద్యం కట్టినప్పుడూ చేతిలో ఉన్నవి రెండే, గురువూ లఘువూ. మూడు అక్షరాలు కలిస్తే గణం, ఒక్కో అక్షరానికి రెండు దారులు కాబట్టి రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది గణాలు. యమాతారాజభానసలగం. పదో తరగతి పిల్లలు తల ఊపుతున్నారు. అందులో ఎక్కడ మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకున్నా ఆ మొదటి అక్షరం పేరున్న గణమే వస్తుంది. ఒకటే జాగ్రత్త, పద్యంలో లఘువుకి నిలువు గీత పెడతాం, దాన్ని ఒకటి అనుకోకండి. మనం గురువుని 1 అనీ, లఘువుని 0 అనీ అనుకుందాం. య-గణం 011. ర-గణం 101.

మళ్ళీ మోటారు. ఈ బల్ల మీదున్నది కరెంటు స్కూటర్ చక్రం, మోటారు చక్రంలోనే ఉంది. దీన్ని బీఎల్‌డీసీ అంటారు, కొత్త రకం సీలింగ్ ఫ్యాన్లలోనూ ఇదే. బ్రష్‌లు లేవు, ఉడత బోనూ లేదు, తిరిగే భాగానికి అయస్కాంతాలు అంటించి ఉన్నాయి. ఇక్కడా ముగ్గురు పిల్లలే, కానీ వాళ్ళకి గడ్డి ఎప్పుడు ఎత్తాలో కరెంటు ఆఫీసు వాళ్ళ తీగ చెప్పదు, ఒక కంట్రోలర్ చెప్తుంది. దూడ ఇప్పుడు ఎటు చూస్తోందో కంట్రోలర్‌కి తెలియాలి కదా. అందుకని లోపల మూడు హాల్ సెన్సార్లు ఉంటాయి. ఒక్కోటి తన ఎదురుగా ఏ ధ్రువం ఉందో చెప్తుంది, 1 లేదా 0. మూడు సెన్సార్లు, మూడక్షరాలు, అంటే చక్రం ఒక గణం చెప్తోంది.

మామూలుగా పెట్టే 120 డిగ్రీల ఎడంలో చక్రాన్ని మెల్లగా తిప్పితే వరస ఇలా వస్తుంది: 101, 100, 110, 010, 011, 001, మళ్ళీ 101. గణాలుగా చదవండి. ర, భ, త, జ, య, స. అడుగు అడుగుకీ ఒక్క అక్షరమే మారుతోంది చూడండి, రెండు ఒకేసారి మారవు. వెనక్కి తిప్పితే స, య, జ, త, భ, ర. ఆరే వచ్చాయి, ఎనిమిదిలో రెండు రాలేదు. మ-గణం, మూడూ గురువులు. న-గణం, మూడూ లఘువులు. ఈ అమరికలో మంచి మోటారు ఆ రెండూ చెప్పనే చెప్పదు. చెప్పిందా, సెన్సారో దాని వైరో పోయినట్టు, బ్యాటరీ మార్చమనేవాడి మాట వినకండి.

ఇదిగో మూడు చిన్న లైట్లు బిగించి తెచ్చాను, వెలిగితే గురువు. పిల్లలు ముందు రండి, ఒకరు చక్రం తిప్పండి, ఇంకొకరు గణం పేరు పైకి చదవండి. ఒక సెన్సార్ వైరు నేను కావాలనే ఊడదీసి ఉంచాను, ఏదో మీరే చెప్పాలి. తమ్ముడూ, ఇప్పుడు ఆ మైకు వైరు పక్కకి జరుపు.